ఉప్పు గాలిలో బండి: రావివలస, ఉద్దానం దారుల్లో ఏ మోటార్ సైకిల్ నప్పుతుంది, దాన్ని ఎలా కాపాడుకోవాలి?

మీరు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసుకుంటుంటారు. సొంతూరు టెక్కలి పక్కన రావివలసో, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఉద్దానం పల్లెటూరో అయి ఉంటుంది. ఆ ఇంటి అరుగు పక్కన ఒక బండి ఉంటుంది. నాన్న తోటకు, బజారుకు దాని మీదే వెళ్తారు. పండక్కో, కార్తీక మాసంలో ఎండల మల్లికార్జునుడి దర్శనానికో ఊరెళ్లినప్పుడు మీరూ ఆ తాళమే అందుకుంటారు. బ్రేకు కాస్త లూజుగా ఉన్నట్టు, చెయిన్ గరగరలాడుతున్నట్టు అనిపిస్తుంది. నాలుగు రోజులే కదా అని అలాగే నడిపేసి, మళ్లీ బస్సెక్కేస్తారు.

ఈ కథనం ఆ బండి గురించే. కొత్తది కొనిద్దామనుకుంటే ఏది నప్పుతుంది, ఉన్నదాన్ని ఎలా చూసుకోవాలి, కాగితాలు ఎవరి పేరున ఉండాలి అనేవి ఇందులో ఉన్నాయి. షోరూంలో మనం సీసీ గురించి, మైలేజీ గురించి, రంగు గురించి గంటసేపు మాట్లాడతాం. బ్రేకు, టైరు, చెయిన్ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఆర్‌సీలో ఎవరి పేరుందో చూసేవాళ్లు ఇంకా తక్కువ. తీరా ప్రాణం మీదికో, ఆస్తి మీదికో తెచ్చేవి ఈ నాలుగే.

ఈ తీరంలో బండికి ఏమవుతుంది?

రావివలస నుంచి టెక్కలి కొద్ది కిలోమీటర్లే. టెక్కలిలో చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి 16 తగులుతుంది. పలాస, కంచిలి, ఇచ్ఛాపురం వైపు వెళ్లాలన్నా, నరసన్నపేట మీదుగా శ్రీకాకుళం రావాలన్నా అదే దారి. అంటే ఊరి బండి రోజూ రెండు రకాల రోడ్లు చూస్తుంది. ఒకటి ఇసుక, గుంతలు, కొబ్బరి మట్టలు పడి ఉండే తోటల దారి. రెండోది లారీలు వేగంగా పోయే హైవే. మొదటి దానిలో అరిగిపోయిన భాగం రెండో దానిలో దెబ్బ తీస్తుంది.

మూడోది గాలి. నౌపడ ఉప్పు మడులు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. సముద్రపు నీటిని ఎండబెట్టి ఉప్పు తీసే చోట గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఇనుము మీద కంటికి కనిపించని తడి పొర ఏర్పడుతుంది. ఉప్పు కలిసిన ఆ తడిలో తుప్పు మామూలు నీటిలో కన్నా చాలా వేగంగా పడుతుంది. ముందుగా దెబ్బతినేది చెయిన్. తర్వాత చక్రాల స్పోకులు రిమ్ముకు తగిలే చోటు, సైలెన్సర్ అడుగు భాగం, క్లచ్ కేబుల్ లోపలి తీగ, బ్యాటరీ టెర్మినళ్లు, వైరింగ్ కనెక్టర్లు. పైన పెయింట్ తళతళలాడుతూనే ఉంటుంది. అందుకే పాడైన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

తుపాన్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరంలోనే, పలాస దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు నీటిలో మునిగిన బండిని వెంటనే స్టార్ట్ చేయకూడదు. సైలెన్సర్ ద్వారానో, ఎయిర్ ఫిల్టర్ ద్వారానో ఇంజిన్‌లోకి నీరు చేరి ఉంటే, ఒక్క సెల్ఫ్ కొట్టుడుకే లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు మెకానిక్‌తో ప్లగ్ తీయించి నీరు బయటికి పంపించాలి. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే ఆయిల్‌లో నీరు కలిసినట్టే. దాన్ని మార్చే వరకు తాళం తిప్పకండి.

ఏ బండి ఎవరికి?

ఒక్కో ఊళ్లో ఒక్కో బండి ఎందుకు ఎక్కువగా కనిపిస్తుందో ఆ ఊరి పనులను బట్టి తెలుస్తుంది. కొబ్బరి, జీడి తోటలున్న చోట టీవీఎస్ ఎక్సెల్ 100 ఊరికే అమ్ముడుపోలేదు. 99.7 సీసీ ఇంజిన్, గేర్లు లేవు, బరువు 90 కిలోల లోపు. ముందు ఖాళీ జాగా ఉండటంతో బస్తా పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకు క్లచ్ నొక్కే పని ఉండదు. కానీ ఇది హైవే బండి కాదు. వెనక లారీ హారన్ కొడుతుంటే తప్పించుకుని ముందుకు వెళ్లే శక్తి దీనికి లేదు. బస్తాలు పెంచుతున్న కొద్దీ ఆగడానికి పట్టే దూరం కూడా పెరుగుతుంది. కంపెనీ చెప్పే మోత బరువులో నడిపే మనిషి బరువూ కలిసే ఉంటుందని మర్చిపోతాం.

ఊరికీ, టెక్కలికీ మధ్య రోజూ తిరిగే ఇంటికి 100 సీసీ తరగతి చాలు. హీరో స్ప్లెండర్ ప్లస్ 1994లో మొదలైన స్ప్లెండర్ పేరును ఇంకా మోస్తోంది. 97.2 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు, 18 అంగుళాల చక్రాలు, 112 కిలోల బరువు. హెచ్‌ఎఫ్ డీలక్స్‌లో ఉండేదీ దాదాపు అదే ఇంజిన్. హోండా షైన్ 100 ఈ తరగతిలోకి 2023లో వచ్చింది. బజాజ్ ప్లాటినా ఎప్పటి నుంచో ఉంది. వీటి మధ్య మైలేజీ తేడాల గురించి వాదించుకోవడం కన్నా, మీ ఊరికి దగ్గర్లో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉంది, బ్రేక్ షూలు, చెయిన్ సెట్టు ఏ షాపులో దొరుకుతాయి అని చూడటం మేలు. ఈ తరగతిలో అసలైన లాభం పెద్ద చక్రం. గుంతలో చిన్న చక్రం దిగిపోతుంది, పెద్ద చక్రం దాటుకుని పోతుంది.

హోండా యాక్టివా లాంటి స్కూటర్లకు ఈ తీరంలో ఒక సుగుణం ఉంది. చెయిన్ ఉండదు. వెనక చక్రానికి శక్తి అందించే బెల్టు మూసిన పెట్టెలో ఉంటుంది కాబట్టి ఉప్పు గాలి దాని జోలికి అంతగా రాదు. అయితే యాక్టివా వెనక చక్రం 10 అంగుళాలే. టెక్కలి, పలాస వీధుల్లో హాయిగా ఉంటుంది. తోటల్లో ఇసుక మీద హ్యాండిల్ వణుకుతుంది.

తరచూ శ్రీకాకుళం దాకానో, బరంపురం దాకానో హైవే మీద వెళ్లేవారైతే 125 సీసీ నుంచి మొదలుపెట్టండి. ఇద్దరు కూర్చుని హైవే ఎక్కితే 100 సీసీ బండి ఎప్పుడూ తన శక్తి చివరి అంచున నడుస్తుంటుంది. 125 సీసీ షైన్‌కు బీఎస్-6తో ఐదో గేరు వచ్చింది. పల్సర్ 150, అపాచీ 160 లాంటి వాటికి బ్రేకులు ఇంకా మెరుగు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. హైవే మీద గాలికి చలించదు, నిజమే. ఇంట్లో 60 ఏళ్ల మనిషి వారానికి రెండుసార్లు దాన్ని స్టాండ్ మీద నుంచి దింపి, ఇసుకలో తిప్పగలరా అన్నది కొనే ముందు ఆలోచించాల్సిన విషయం. మీరు పండక్కి వచ్చినప్పుడు నడపడానికి కొన్న బుల్లెట్ మిగతా 350 రోజులు నాన్నకు బరువే.

బజాజ్ 2024 జులైలో ఫ్రీడమ్ 125 పేరుతో సీఎన్‌జీ బండి తెచ్చింది. రెండు కిలోల సీఎన్‌జీ, రెండు లీటర్ల పెట్రోలు పడతాయి. ఖర్చు తగ్గుతుందని మనసు లాగుతుంది. కానీ మీరు రోజూ తిరిగే దారిలో సీఎన్‌జీ బంకు ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ధర సంగతి ఒక ముక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు ధరలు గుర్తు పెట్టుకుని లెక్కలు వేసుకుంటున్నవారు కొత్త కొటేషన్ తీసుకోవాలి.

ఏబీఎస్, సీబీఎస్: బ్రోచర్‌లో ముందు చదవాల్సింది ఇదే

2019 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే ప్రతి కొత్త ద్విచక్ర వాహనానికీ ఈ రెండింటిలో ఒకటి తప్పనిసరి. 125 సీసీ దాటితే ఏబీఎస్ ఉండాలి. 125 లోపు అయితే కనీసం సీబీఎస్ ఉండాలి.

సీబీఎస్ అంటే, మీరు వెనక బ్రేకు ఒక్కటే నొక్కినా ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. మన దగ్గర చాలామంది ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని భయపడి వెనక బ్రేకుతోనే బండి ఆపుతారు. నిజానికి బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, ఆపే బలం ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఆ అలవాటును సరిచేయడానికే సీబీఎస్. కానీ గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోకుండా అది ఆపలేదు.

ఆ పని చేసేది ఏబీఎస్. చక్రం తిరగడం ఆగిపోబోతోందని సెన్సర్ పసిగట్టగానే బ్రేకును క్షణంలో పలుమార్లు వదిలి పడుతుంది. చక్రం జారదు, హ్యాండిల్ మీ మాట వింటుంది. అది పనిచేస్తున్నప్పుడు బ్రేకు లివర్ చేతిలో టకటకమని కొట్టుకుంటుంది. భయపడి వదిలేయకండి. సింగిల్ చానల్ అంటే ముందు చక్రానికి మాత్రమే. డ్యుయల్ చానల్ అంటే రెండింటికీ. వాన పడిన హైవే మీద ముందు టైరు జారితే మనిషి పడిపోవడమే. అందుకే సింగిల్ చానల్ అయినా, లేకపోవడం కన్నా చాలా నయం. ఒక హెచ్చరిక: వదులు ఇసుక మీద ఏబీఎస్ అద్భుతాలు చేయదు. అక్కడ ఆగే దూరం పెరగొచ్చు కూడా. ఇసుకలో వేగం తగ్గించడం ఒక్కటే మార్గం.

చిన్న బండ్లకు ఏబీఎస్ పెట్టలేరన్నది నిజం కాదు. బజాజ్ 2022 డిసెంబరులోనే ప్లాటినా 110లో ఏబీఎస్ ఉన్న బండిని తెచ్చింది. కేంద్ర రవాణా శాఖ 2025 జూన్‌లో విడుదల చేసిన ముసాయిదా, చిన్న బండ్లకు కూడా ఏబీఎస్ పెట్టాలని ప్రతిపాదించింది. కొనే రోజున ఆ మోడల్‌లో ఏబీఎస్ ఉన్న రకం ఏదని షోరూంలో అడగండి. నాలుగైదు వేలు ఎక్కువైనా, స్టిక్కర్లకు, క్రాష్ గార్డుకు పెట్టే డబ్బు అటు పెట్టడమే మంచిది.

చెయిన్: ఇక్కడ అన్నిటికన్నా ముందు పాడయ్యేది

స్ప్లెండర్, షైన్ లాంటి బండ్లకు చెయిన్ కవర్ పూర్తిగా మూసి ఉంటుంది. అది దుమ్మును కొంత ఆపుతుంది, చెయిన్ పరిస్థితిని మన కళ్ల నుంచి దాచేస్తుంది కూడా. కవర్‌కు ఒక రబ్బరు మూత ఉంటుంది. దాన్ని తీస్తే చెయిన్ కనిపిస్తుంది, వేలితో ఆడించి చూడొచ్చు.

ముందు ఇంజిన్ ఆపేయండి. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు. ఇంజిన్ నడుస్తుండగా చెయిన్‌కు గుడ్డ పట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, కింది వరుస మధ్యలో పైకీ కిందికీ ఆడించండి. మామూలు కమ్యూటర్ బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ఒకచోట బిగుతుగా, మరోచోట వేలాడుతూ ఉంటే చెయిన్ పని అయిపోయినట్టే. ఇక బిగించి లాభం లేదు. స్ప్రాకెట్ పళ్లు కొడవలి మొనలా ఒక పక్కకు వంగి ఉంటే అదే సంగతి. అప్పుడు చెయిన్ ఒక్కటే మార్చకండి. అరిగిన పళ్లు కొత్త చెయిన్‌ను కూడా తొందరగా తినేస్తాయి. మూడూ కలిసిన సెట్టే వేయించండి.

శుభ్రం చేయడానికి కిరోసినో, చెయిన్ క్లీనరో, ఒక పాత బ్రష్షూ చాలు. పెట్రోలు వద్దు. తుడిచి ఆరాక గేర్ ఆయిలో, చెయిన్ స్ప్రేనో లోపలి వైపు పడేలా వేసి, పది నిమిషాల తర్వాత పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. ఆ చివరి పని చాలామంది చేయరు. పైన నూనె జిడ్డు మిగిలితే తోటలోని ఇసుకంతా దానికి అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. బండి నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ చెయిన్‌కు పోయడం మన దగ్గర మామూలు. అందులో ఉండేది మసి, అరిగిన లోహపు పొడి. ఊరికే వచ్చిందని వాడితే చెయిన్ సెట్టు ఖర్చు ముందుగా వచ్చి పడుతుంది.

మామూలుగా 500 కిలోమీటర్లకోసారి నూనె వేయాలంటారు. ఉద్దానం వైపు తిరిగే బండికి కిలోమీటర్ల లెక్క కన్నా వారాల లెక్క పెట్టుకోవడం మంచిది. రెండు వారాలకోసారి, పెద్ద వాన పడినా, సముద్రం ఒడ్డుకు వెళ్లొచ్చినా అదే రోజు. చెయిన్ బిగించినప్పుడు రెండు పక్కలా ఉన్న గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. లేదంటే వెనక చక్రం వంకర నడుస్తుంది. వెనక డ్రమ్ బ్రేకు ఆట కూడా అప్పుడే మారిపోతుంది, దాన్నీ సరిచేయించాలి.

బ్రేకు, టైరు

డ్రమ్ బ్రేకు ఉన్న బండ్లలో చాలావాటికి బ్రేకు ప్యానెల్ మీద ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కి పట్టుకుని చూడండి. బాణం పక్కనున్న గీతను చేరిందంటే షూలు అరిగిపోయాయి. అప్పుడు రాడ్ బోల్టు బిగించి సరిపెట్టుకోవడం ప్రమాదం. డిస్క్ బ్రేకు అయితే ప్యాడ్ మీద గాడి కనిపించాలి. గాడి అరిగి నున్నగా అయిందంటే మార్చే సమయం వచ్చినట్టు. డిస్క్ బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. తడి గాలి ఎక్కువగా ఉండే తీరంలో దీన్ని వాయిదా వేయకండి. నీరు నిలిచిన చోట దాటాక డ్రమ్ బ్రేకు కాసేపు పట్టదు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ బ్రేకు తేలిగ్గా రెండు మూడుసార్లు నొక్కితే వేడికి ఆరుతుంది.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 3221 అని ఉంటే 2021లో 32వ వారంలో తయారైందని అర్థం. ఊళ్లో తక్కువగా తిరిగే బండి టైరు పళ్లు అరగవు, రబ్బరు మాత్రం గట్టిపడుతుంది, పక్కల పగుళ్లు వస్తాయి. చూడటానికి కొత్తగా ఉండి, తడి రోడ్డు మీద పట్టు లేని టైరు అదే. గాలి ఎంత ఉండాలో చెయిన్ కవర్ మీదో, వెనక ఫోర్కు మీదో స్టిక్కర్ ఉంటుంది. ఒక్కరికి ఒకటి, ఇద్దరికి ఇంకొకటి. పంక్చరు షాపులో అందాజుగా కొట్టించుకోకుండా ఆ అంకె చెప్పి కొట్టించుకోండి.

అల్లాయ్ చక్రమా, స్పోకు చక్రమా అని అడిగితే ఈ తీరానికి అల్లాయే నా ఓటు. స్పోకుల మొదళ్లలో తుప్పు చేరితే విరిగే దాకా తెలియదు. పైగా అల్లాయ్‌కు ట్యూబ్‌లెస్ టైరు వస్తుంది. మేకు దిగినా గాలి నెమ్మదిగా పోతుంది. హైవే మీద ఉన్నప్పుడు ఆ నెమ్మదే కాపాడుతుంది.

హెల్మెట్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, ఒక్కటి తప్ప. 2021 జూన్ నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ తయారీ, అమ్మకం రెండూ నేరమే. రోడ్డు పక్కన చెట్టుకు వేలాడదీసి అమ్మేదాని మీద ఐఎస్ 4151 అని ఉందో లేదో చూసి కొనండి. హెల్మెట్ లేకపోతే చట్టంలో 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్స్ రద్దు చేసే వీలుంది.

ఆయిల్, ఫిల్టర్, బ్యాటరీ

ఆయిల్ చూడటం ఫోన్ చార్జింగ్ పెట్టినంత తేలిక. ఇంజిన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపేసి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ వేసి డిప్‌స్టిక్ తుడిచి ముంచి చూడాలి. రెండు గీతల మధ్య ఉండాలి. కారు ఆయిల్ మిగిలిందని బండిలో పోయకండి. మోటార్ సైకిల్ క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది. కారు ఆయిల్‌లోని జారుడు రసాయనాల వల్ల క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. మార్చే గడువు కిలోమీటర్లలో రాసి ఉంటుంది. బండి తక్కువ తిరిగినా ఏడాదికోసారి మార్చడం మంచిది.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. కొత్త బండ్లలో చాలావాటికి నూనె పట్టించిన కాగితం ఫిల్టర్ ఉంటుంది. దాన్ని కడగకూడదు, గాలి కొట్టించి దులపకూడదు. గడువు రాగానే మార్చడమే.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. పాత బండికి బ్యాటరీ చచ్చిపోయినా కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది. ఇంజెక్షన్ బండ్లలో పెట్రోల్ పంపు, సెన్సర్లు కరెంటుతో పనిచేస్తాయి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే చాలా బండ్లు కిక్‌కు కూడా లొంగవు. మీటర్‌లో ఇంజిన్ బొమ్మ పసుపు లైటు వెలుగుతూనే ఉంటే అంచనాలతో ప్లగ్గులు మార్పించకండి. స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌లో తప్పు కోడ్ చదివించాలి.

నెలల తరబడి నిలబడే బండికి

అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చి మూడు నెలలు ఉంటే బండి అక్కడే నిలబడిపోతుంది. ఈ ప్రాంతంలో తిరిగే బండి కన్నా నిలబడిన బండికే ఎక్కువ చేటు.

ట్యాంకు సగం ఖాళీగా వదలకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. ఖాళీ జాగాలో చేరిన తేమ గాలి ట్యాంకు గోడలకు తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు నింపి ఉంచితే గాలికి చోటు తక్కువ. కార్బురేటర్ ఉన్న పాత బండికి పెట్రోల్ కాక్ మూసి, అందులో మిగిలిన పెట్రోల్ తీయించేయండి. సెంటర్ స్టాండ్ కింద చెక్క పెడితే చక్రాలు నేలకు ఆనవు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. టెర్మినళ్లకు కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి. ప్లాస్టిక్ టార్పాలిన్ బిగించి కప్పితే లోపల తడి ఆవిరై మళ్లీ బండి మీదే పడుతుంది. గాలి ఆడే గుడ్డ కవర్ కప్పండి. కొబ్బరి చెట్టు కింద మాత్రం పెట్టకండి, ఎందుకో చెప్పక్కర్లేదు. తిరిగి వచ్చాక స్టార్ట్ చేసే ముందు ఎయిర్ ఫిల్టర్ పెట్టె ఒకసారి తెరిచి చూడండి. ఎలుకలు అందులో గూడు కట్టడం, వైర్లు కొరకడం పల్లెల్లో మామూలే.

భావనపాడు, బారువ తీరాలకు వెళ్లొచ్చిన రోజు ఇంజిన్ చల్లారాక మంచినీటితో, ఎక్కువ ఒత్తిడి లేకుండా అడుగు భాగం కడిగి ఆరబెట్టండి. బండిని ఇసుక తీరం మీదికి దించకపోవడం ఇంకా మేలు. తడి ఉప్పు ఇసుక చెయిన్‌లోకి వెళ్తుంది. అంతకు మించి, ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. చక్రం కింద ఇసుకలో ఏముందో మనకు కనిపించదు.

ఆర్‌సీలో ఎవరి పేరుంది?

బండి బాగున్నా కాగితం బాగోకపోతే నష్టం మొత్తం ఇంటి మీద పడుతుంది. పాత బండిని తెలిసినవాళ్లకు అమ్మి, సంతకం పెట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టి ఊరుకునే అలవాటు మనకుంది. చట్టం దృష్టిలో ఆ బండి ఇంకా మీదే. నవీన్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. వాహనం చేతులు మారుతూ ఎంతమంది దగ్గరికి వెళ్లినా, ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో పరిహారం బాధ్యత వారిదేనని చెప్పింది. బీమా లేని బండి ఎవరినైనా గుద్దితే, లక్షల పరిహారం కోసం కోర్టు నోటీసు వచ్చేది ఎప్పుడో అమ్మేశాననుకున్న మీ నాన్నకే. ఈ-చలానాలు సరేసరి.

అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. దీనికి ఫారం 29, ఫారం 30 ఉంటాయి. పరివాహన్ పోర్టల్‌లో దరఖాస్తు మొదలుపెట్టొచ్చు. ఫైనాన్స్‌లో కొన్న బండి అయితే అప్పు తీరినా ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు దానంతటదే పోదు. కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 ఇచ్చి తీయించాలి.

ఇక్కడ ఒడిశా సరిహద్దు దగ్గర. పర్లాఖెముండి, బరంపురం వైపు నుంచి ఓడీ 20, ఓడీ 07 నంబర్లున్న పాత బండ్లు తక్కువ ధరకు వస్తాయి. కొనడం తప్పు కాదు. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి వాడితే ఇక్కడి నంబరు వేయించుకోవడం తప్పనిసరి, ఆంధ్రప్రదేశ్ లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి. ఆ ఖర్చు కలుపుకుంటే బండి నిజంగా చవకో కాదో తేలుతుంది. డబ్బు ఇచ్చే ముందు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టండి. రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు, కాలుష్య ధ్రువపత్రం, ఫైనాన్స్ వివరాలు కనిపిస్తాయి. హ్యాండిల్ మెడ దగ్గర చెక్కిన చాసిస్ నంబరును ఆర్‌సీతో పోల్చి చూడండి. అక్కడ గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

బీమా విషయానికొస్తే, 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కొత్త బండ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా కలిపే ఇచ్చారు. ఆ ఐదేళ్లు చాలామందికి తెలియకుండానే అయిపోయాయి. 75 నుంచి 150 సీసీ బండికి 2022 జూన్‌లో నిర్ణయించిన ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, దాని మీద పన్ను. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి జరిమానా 2,000. నడిపే యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా పాలసీలో ఉంటుంది. ఇక్కడే చాలా కుటుంబాలు మోసపోయేది: ఆ రక్షణ ఆర్‌సీలో పేరు ఉండి, లైసెన్స్ ఉన్న యజమానికే. నాన్న పేరున్న బండి మీద మీరు వెళ్తూ పడితే అది మీకు వర్తించదు.

బండి 15 ఏళ్లు దాటిందా చూడండి. ఏపీ 30 నంబరున్న పాత శ్రీకాకుళం బండ్లలో చాలావాటికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. తనిఖీ చేయించి ఫారం 25తో పునరుద్ధరించుకుంటే ఇంకో ఐదేళ్లు నడపొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి మోటార్ సైకిల్‌కు ఆ ఫీజు 1,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో ఇంకా పెంచారు.

యజమాని చనిపోతే బండి వారసుల పేరుకు మారాలి. 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో దరఖాస్తు చేయాలి. 2021 నుంచి ఆర్‌సీలోనే నామినీ పేరు రాయించే సదుపాయం వచ్చింది. ఈసారి ఊరెళ్లినప్పుడు నాన్న ఆధార్, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటే ఆ దరఖాస్తు అక్కడే మొదలుపెట్టేయొచ్చు. ఆర్‌సీ, లైసెన్స్‌లను కూడా ఆయన ఫోన్‌లోని డిజీలాకర్‌లోకి అప్పుడే ఎక్కించండి. హైవే మీద తనిఖీలో అడిగితే అవే చూపించవచ్చు, చట్టప్రకారం చెల్లుతాయి.